నట్టింటి ఋతువు

మానవుడు ఒంటరిగా తిన్నప్పుడు ఆకలి తీరుతుంది. నలుగురితో కలిసి కూర్చున్నప్పుడు ఆకలితోపాటు మనసూ నిండాలని కోరుకుంటాడు. అందువల్లనే మనుషులు గుమిగూడిన ప్రతిచోటా నడుమ ఏదో ఒకటి నిలిపి ఉంచడం అనాదిగా వస్తున్న ఆచారం. ఒకచోట అది దీపం, ఒకచోట కలశం, మరొకచోట పూలపళ్లెం. వాకిట ముగ్గు తీర్చిన చేయి ఆ ముగ్గు నడుమ గొబ్బెమ్మను నిలుపుతుంది. బతుకమ్మ ఆడే స్త్రీలు పూలరాశిని నడుమ ఉంచి దాని చుట్టూ తిరుగుతారు. ఆ నడుమ నిలిచిన వస్తువు చిన్నదే కావచ్చు. కాని చుట్టూ చేరినవారి చూపులన్నీ అక్కడే కలుస్తాయి. ఆనాడు ఏ పండుగో, ఆ కాలం ఏ కాలమో అది మాట లేకుండా చెబుతుంది.

పీటలు వాల్చి, విస్తళ్లు పరచి, బంతులు తీర్చి భోజనం పెట్టిన ఇళ్లలోకి ఇప్పుడు భోజనాల బల్ల వచ్చి చేరింది. విస్తరి ముందు పెట్టే ముగ్గుకు చోటు పోయింది. దానికి బదులు బల్ల నడుమ కొంత ఖాళీ స్థలం మిగిలింది. ఆ స్థలాన్ని దేనితో నింపాలి అన్న ప్రశ్నకు అంగడి ఒక సమాధానం సిద్ధం చేసి పెట్టింది. ప్లాస్టిక్ గులాబీల గుత్తి, గాజు పాత్రలో రంగురాళ్లు, మెరుపు కాగితాల తోరణం. అదే గుత్తి సంక్రాంతికీ ఉంటుంది, శ్రావణ శుక్రవారానికీ ఉంటుంది. దుమ్ము దులిపితే దీపావళికీ పనికివస్తుంది. కాస్త కలిగినవారు అలంకరణ మొత్తాన్నీ డబ్బిచ్చి పరుల చేతికి అప్పగిస్తున్నారు. ఈ రెండూ చేతకానివారు తమ ఇంట ఏ శోభా లేదన్న చిన్నతనంతో అతిథిని పిలవడానికే వెనుకాడుతున్నారు.

ఈ చిన్నతనం అకారణమైనది. నడుమ నిలిపే అలంకరణకు అందం దాని వెలవల్ల రాదు. అది ఆ ఋతువుకు చెందినదై ఉండటంవల్ల, ఆ ఇంటివారి చేతిమీదుగా రూపొందటంవల్ల వస్తుంది. ఈ రెండూ డబ్బుకు లొంగేవి కావు. కనుక ఈ విషయంలో కలిగినవారికీ లేనివారికీ తేడా లేదు. ఈ మాట పేదవారిని ఊరడించడానికి చెప్పేది కాదు. తెలుగువారి జీవనంలో, సాహిత్యంలో తరతరాలుగా నిలిచిన సత్యం.

ప్రాచీనులు లెక్కించిన 64 కళలలో బియ్యంతోనూ పూలతోనూ నేలమీద చిత్రాలు తీర్చడం ఒకటి, పూలను పరచడం ఒకటి, మాలలు గుచ్చడం ఒకటి. సంగీతం, నృత్యం, చిత్రలేఖనం నిలిచిన వరుసలోనే వీటికీ స్థానం లభించింది. గుప్పెడు బియ్యం, దోసెడు పూలు సాధనాలుగా గల ఈ పనిని పూర్వులు చిన్నదిగా ఎంచలేదు. ప్రబంధకవులు పాటించిన అష్టాదశ వర్ణనలలో ఋతువర్ణన చోటు చేసుకోవడం కూడా గమనించదగినది. మారుతున్న కాలాన్ని కన్నులారా చూడలేని కవి కావ్యం రాయడానికి అర్హుడు కాడన్నది వారి భావన.

శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని ఆతిథ్యాన్ని వర్ణించిన తీరు ఇందుకు చక్కని ఉదాహరణ. ఆ భక్తుడు రాజు కాడు, ధనికుడు కాడు. శ్రీవిల్లిపుత్తూరులో స్వామికి పూమాలలు కట్టి సమర్పించే సేవకుడు. కాని అతని ఇంట అతిథికి లోటు లేదు. వానకాలంలో ఒక తీరు వంటకాలు, వేసవిలో మరొక తీరు, చలికాలంలో ఇంకొక తీరు. ఆ వంటకాల జాబితా చదివితే అవి రాజభోజనాలుగా కనిపించవు. ఆ కాలానికి ఒంటికి ఏది హితమో, చేతికి ఏది అందుతుందో అదే విస్తరిలోకి వచ్చింది. ఏ కాలానికి ఆ కాలాన్ని వడ్డించడమే విష్ణుచిత్తుని ఆతిథ్య రహస్యం. భోజనానికి వర్తించిన ఈ సూత్రం భోజనం నడుమ నిలిపే అలంకరణకు వర్తించకుండా ఎలా ఉంటుంది?

పారిజాతాపహరణ కథ కూడా ఈ సందర్భంలో స్మరణీయమే. నారదుడు తెచ్చిన ఒకే ఒక పువ్వును కృష్ణుడు రుక్మిణికి ఇవ్వడంతో సత్యభామ అలక మొదలైంది. నంది తిమ్మన ఆ ఒక్క పువ్వు మీద కావ్యాన్నే నిర్మించాడు. ద్వారకలో బంగారానికీ రత్నాలకూ కొదువ లేదు. అయినా వాటివల్ల పుట్టని కలహం ఒక పువ్వువల్ల పుట్టింది. పువ్వు విలువ దాని వెలలో లేదనీ, ఇచ్చిన చేతిలోనూ అందుకున్న మనసులోనూ ఉన్నదనీ చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఇక కావ్యాలను విడిచి వాకిట్లోకి వస్తే, తెలుగువారి సంవత్సరమంతా ఇటువంటి అలంకరణలతోనే నడుస్తుందని తెలుస్తుంది. ధనుర్మాసంలో ఆంధ్ర ప్రాంతపు పల్లెల్లో ఆవుపేడను ముద్దలు చేసి, పసుపు కుంకుమలు అద్ది, తలపై గుమ్మడిపువ్వో బంతిపువ్వో గుచ్చి ముగ్గు నడుమ నిలుపుతారు. అదే గొబ్బెమ్మ. దీనికి అయ్యే ఖర్చు దాదాపు శూన్యం. కాని మంచు కురిసే ఉదయాన తెల్లని ముగ్గు నడుమ పచ్చని పువ్వు తలపై దాల్చిన ఆ ముద్దను చూసినవారు దాన్ని మరచిపోలేరు. ఆ గొబ్బెమ్మలు ఎండి పిడకలవుతాయి. కొన్ని దండలుగా గుచ్చి భోగిమంటలో వేస్తారు. మరికొన్నింటిని మాఘ శుద్ధ సప్తమికి దాచి ఉంచుతారు.

రథసప్తమినాడు ఆ పిడకల నిప్పుమీద సూర్యునికి ఎదురుగా పాలు పొంగించి పరమాన్నం వండుతారు. అప్పుడు పందిరిమీద చిక్కుడు విరగకాసి ఉంటుంది. ఆ కాయలను చీపురుపుల్లలతో గుచ్చి చిన్న రథం కడతారు. పరమాన్నాన్ని ఆ చిక్కుడు ఆకుల్లోనే వడ్డిస్తారు. అలంకరణ, పాత్ర, నైవేద్యపు పళ్లెం అన్నీ ఒకే పాదు నుంచి వచ్చాయి. గత నెల వాకిలిని అలంకరించిన గొబ్బెమ్మ ఈ నెల పొయ్యిలో నిప్పయింది. ఇందులో పారవేయవలసినది ఏదైనా మిగిలిందా? వేడుక ముగిశాక ఒక్క ముక్క కూడా చెత్తగా మిగలకపోవడం ఎంతటి నేర్పో ఆలోచించదగినది.

కోతలు ముగిసిన కాలంలో రైతులు వరికంకులను అల్లి కుచ్చులుగా కట్టి చూరుకు వేలాడదీసేవారు. కంటికి అది బంగారు జల్లెడలా శోభనిచ్చేది, పిచ్చుకలకు ఆహారమయ్యేది. బియ్యపుపిండి ముగ్గు చీమలకు ఆహారమైనట్లే ఇదీను. ఇంటికి అందాన్ని, ప్రాణికి ఆహారాన్ని ఒకే వస్తువుతో సమకూర్చిన సంస్కారం ఈ కుచ్చులలో కనిపిస్తుంది.

భాద్రపద మాసంలో వినాయక చవితికి కట్టే పాలవెల్లి మరొక ఉదాహరణ. ప్రతిమకు పైన వేలాడే ఆ చిన్న చట్రానికి మామిడాకులు, మొక్కజొన్న పొత్తులు, వెలగపండు, జామకాయలు కడతారు. వానలు తెచ్చిన పంట అంతా ఆ చట్రం కింద వేలాడుతుంది. పూజకు తెచ్చే 21 రకాల పత్రి కోసం పిల్లలు తెల్లవారకముందే చెట్ల వెంట తిరిగేవారు. ఏ ఆకు మారేడో, ఏ ఆకు రేగో, ఏ ఆకు ఉత్తరేణో వారికి ఏ పుస్తకమూ నేర్పవలసిన అవసరం ఉండేది కాదు.

ఈ అలంకరణలన్నింటికీ శిఖరం వంటిది తెలంగాణ బతుకమ్మ. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, తొమ్మిది దినాలు సాగి, సద్దుల బతుకమ్మతో ముగిసే ఈ పండుగను 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటించారు. తాంబాళంలో వెడల్పాటి ఆకులు పరచి, తంగేడు, గునుగు, బంతి, చామంతి, సీతజడ పూలను వలయాలుగా పేరుస్తారు. తెల్లని గునుగు పూల కొసలకు రంగులు అద్దుతారు. వలయం నడుమ బోలుగా ఉన్న చోటును ఆకులతో, తుంచి వేసిన కాడలతో నింపుతారు. అలా వ్యర్థమే ఆధారమై పైకి లేచిన పూలగోపురం శిఖరాన పసుపు గౌరమ్మ కొలువుతీరుతుంది. ఇందులో తంగేడు బీడుభూముల్లో దానంతటదే పెరిగే పొద. గునుగు చేలగట్ల మీద మొలిచే కలుపు మొక్క. ఎవరూ నాటని, ఎవరూ నీరు పోయని ఈ పూలకు ఏడాదికి ఒకసారి గౌరవస్థానం లభిస్తుంది. నేడు తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా.

ఇటువంటి సంస్కారం ఒక్క తెలుగువారికే పరిమితం కాదు. ఇరాన్‌లోనూ దాని పొరుగు ప్రాంతాల్లోనూ వసంతాగమన వేళ, మార్చి నెల మూడవ వారం ముగిసేనాటికి వచ్చే నౌరోజ్ పండుగకు ఇంట ఒక బల్లను అలంకరిస్తారు. వారి భాషలో ‘స’ అన్న అక్షరంతో మొదలయ్యే ఏడు వస్తువులు దానిపై ఉండాలి. మొలకెత్తిన గోధుమ నారు, యాపిల్ పండు, వెల్లుల్లి, వెనిగర్ వంటివి వాటిలో కొన్ని. అన్నీ వంటింట దొరికేవే. వారాల ముందే పళ్లెంలో గింజలు తడిపి పెంచిన పచ్చని నారు ఆ బల్లకు ప్రాణం. పండుగ పదమూడవ నాడు ఆ నారును ఊరి బయటకు తీసుకువెళ్లి పారే నీటిలో విడుస్తారు. తెలుగింటి బొమ్మల కొలువులో పిల్లలు పళ్లెంలో మట్టి పోసి, ఆవాలో మెంతులో చల్లి, ఆ మొలకల నడుమ బొమ్మలను నిలిపి పొలం చేసే ముచ్చట దీనికి ఎంతో దగ్గరిది. వేల మైళ్ల ఎడమున్న రెండు జాతులు గుప్పెడు గింజలతోనే పండుగకు పచ్చదనాన్ని తెచ్చుకున్నాయి.

ఈ సంప్రదాయాల సారాన్ని నేటి భోజనాల బల్ల మీదికి తీసుకురావడం కష్టమైన పని కాదు. సంక్రాంతికి ఒక ఇత్తడి పళ్లెంలో కొత్త బియ్యం పోసి, చుట్టూ రేగుపళ్లు పేర్చి, నడుమ నాలుగు చెరకు ముక్కలు, రెండు బంతిపూలు నిలిపితే చాలు. ఉగాదికి పూతతో కూడిన వేపరెమ్మను చిన్న మట్టిముంతలో నిలిపి, ముంత మొదట్లో ఆకులతోనే రెండు పచ్చి మామిడికాయలు పెడితే వసంతం వచ్చి కూర్చున్నట్లే. నడివేసవిలో వెడల్పాటి మట్టిపాత్రలో నీళ్లు పోసి గుప్పెడు మల్లెలు తేలవేస్తే కంటికి చల్లదనం కలుగుతుంది. వానకాలంలో పూలు లేకున్నా వెలితి లేదు. రకరకాల పచ్చని ఆకులే అలంకరణ. కార్తికంలో ఉసిరికాయ పైభాగాన్ని తొలిచి, నేతిలో తడిపిన వత్తి నిలిపితే అదే దీపం. అరటిదొప్పలో వెలిగించిన దీపం నీటిపళ్లెంలో తేలుతూ ఉంటే ఇంట్లో ఏరు పారుతున్నట్లే ఉంటుంది.

పండుగలకే కాదు, ఇంటి వేడుకలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పుట్టినరోజు పిల్లవాని బల్ల మీద అతడు నాటి పెంచిన మొక్కనే కుండీతో సహా నిలపవచ్చు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుని సన్మానానికి ప్లాస్టిక్ పొరలో చుట్టిన పూలగుత్తికి బదులు, ఆయన పనిచేసిన పాఠశాల ఆవరణలోని పూలనే కోసి ఒక చెంబులో అమర్చవచ్చు. ఆ చెంబు పలికే మాటలు కొన్న గుత్తి పలకలేదు. నిశ్చితార్థానికి తమలపాకులను విసనకర్రలా పరచి, నడుమ పోకచెక్కలు, పసుపుకొమ్ములు పేర్చితే అది అలంకరణా అవుతుంది, మంగళకరమూ అవుతుంది. మరునాడు ఆ ఆకులు తాంబూలానికీ పనికివస్తాయి.

ఇందుకు కావలసిన మెలకువలు కొన్నే. బల్లకు ఇరువైపులా కూర్చున్నవారు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడానికి వచ్చారు. కనుక అలంకరణ వారి చూపులకు అడ్డు రాకూడదు. జానెడు ఎత్తు మించకపోవడం మంచిది. మొగలి, సంపెంగ వంటి ఘాటైన పరిమళాలు అన్నం వాసనను మింగివేస్తాయి. వాటికి వాకిలి దగ్గర చోటు ఇవ్వాలి. గన్నేరు, ఉమ్మెత్త విషతుల్యాలు. జిల్లేడు పాలు కంటికి హాని చేస్తాయి. వీటిని భోజనాల బల్ల దరికి రానీయరాదు. పూలను పొద్దున్నే కోయాలి. కాడను ఏటవాలుగా కోసి, నీటిలో మునిగే ఆకులను తుంచివేసి, దినమూ నీరు మారిస్తే అవి మరికొన్ని నాళ్లు నిలుస్తాయి. దీపం ఉన్నచోట ఎండుటాకులు, కాగితాలు ఉంచరాదు.

పూలు నిటారుగా నిలపడానికి అంగళ్లలో ఆకుపచ్చని స్పంజి దిమ్మెలు అమ్ముతారు. అది కూడా ఒక విధమైన ప్లాస్టిక్కే. చేతిలో నలిగి పొడి అవుతుంది కాని మట్టిలో త్వరగా కలిసిపోదు. దానికంటె మేలైన ఆధారం గెల కోసిన తర్వాత నరికివేసే అరటిచెట్టులోనే ఉంది. అరటిబోదెను అడ్డంగా కోస్తే గుండ్రని దిమ్మె వస్తుంది. లోపల నీరు నిండి ఉంటుంది కనుక గుచ్చిన కాడలు వాడిపోకుండా నిలుస్తాయి. వేడుక ముగిశాక దాన్ని పశువులకు వేయవచ్చు, పాదులో ఎరువుగా వేయవచ్చు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మనుషుల చూపును గురించి చెప్పినదే కాని చెట్టును గురించి చెప్పినది కాదు.

ఈ అభిప్రాయాన్ని అంగీకరించనివారు లేకపోలేదు. వారి వాదాలను కొట్టివేయడం కూడా తగదు. ప్లాస్టిక్ పువ్వు ఒకసారి కొంటే పదేళ్లు ఉంటుంది, దినమూ పూలు కొనడం కంటె అదే పొదుపు కదా అన్నది మొదటి ప్రశ్న. నిజమే, అది వాడదు. కాని వాడకపోవడమే దాని లోపం. ఈ దినం విరిసి రేపు వాడిపోయే పువ్వును అతిథి ముందు పెట్టడంలో ‘ఇది నీ కోసం ఇవాళ తెచ్చినది’ అన్న మాట ఉంది. ఏనాడో కొన్న పువ్వు ఆ మాట చెప్పలేదు. అయితే ఇప్పటికే ఇంట ఉన్న ప్లాస్టిక్ పూలను చెత్తకుండీలో పారవేసి సంప్రదాయాన్ని ఉద్ధరించామనుకోవడం అవివేకం. ఉన్నవాటిని ఉన్నంతకాలం వాడుకుని, కొత్తవి కొనకపోవడం వివేకం.

అందరూ ఇంటి పూలతోనే సరిపెట్టుకుంటే పూలసాగునే నమ్ముకున్న రైతు, పూలమ్ముకునే స్త్రీ ఏమి కావాలన్నది రెండవ ప్రశ్న. గోదావరి తీరాన కడియం ప్రాంతంలో, హైదరాబాదు గుడిమల్కాపూర్ పూల అంగడిలో ఎందరి జీవనమో పూలమీదనే ఆధారపడి ఉంది. పావుకిలో బంతిపూలు కొనడం ఈ వ్యాసం వద్దనే పని కాదు. ఆ డబ్బు మట్టిలో చేయి పెట్టినవానికి చేరుతుంది. వద్దనేది ఆ పువ్వుకు ప్రతిరూపంగా ఎక్కడో అచ్చుపోసిన వస్తువును. నిజానికి రైతుకు పోటీ పెరటి మందారం కాదు, ప్లాస్టిక్ బంతిపువ్వు.

మూడవ ప్రశ్న అన్నింటికంటె బరువైనది. ఈ అలంకరణలన్నీ స్త్రీల నెత్తినే పడుతున్నాయి. ఉద్యోగం, వంట, పిల్లల చదువు అన్నీ చక్కబెట్టుకునే ఇల్లాలికి రథాలు కట్టే తీరిక ఎక్కడిది? ఈ ప్రశ్న న్యాయమైనది. పండుగ పేరిట ఒకరి వెన్ను విరిచి మిగిలినవారు ఆనందించడం సంప్రదాయం కాదు, దౌర్జన్యం. కాని దీనికి పరిష్కారం అంగట్లో లేదు, ఇంట్లోనే ఉంది. బతుకమ్మకు తంగేడు, గునుగు పూలను చేలగట్ల వెంట తిరిగి మోపులుగా కట్టి తెచ్చేది పురుషులూ పిల్లలే. పని పంచుకున్న ఇంట పండుగ బరువు కాదు. రేగుపళ్లు పేర్చడానికి, ఆకులు పరచడానికి పట్టే కాలం పది నిమిషాలు. ఆ పది నిమిషాలు కొడుకు చేతికి అప్పగించిన తల్లి అతనికి ఒక పాఠం నేర్పినట్లే.

ఈ విషయంలో కాలం కూడా హెచ్చరిస్తూనే ఉంది. ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని కేంద్రప్రభుత్వం 2022 జూలై 1 నుంచి నిషేధించింది. ఆ జాబితాలో అలంకరణకు వాడే థర్మోకోల్ కూడా ఉంది. ఒక వేడుకకు రెండు గంటలసేపు మెరిసి, తర్వాత తరాల తరబడి మురుగుకాలువల్లో, చెరువుల్లో మిగిలిపోయే వస్తువు అలంకారం ఎలా అవుతుంది? అయితే చట్టం అంగడిని కొంతవరకు అదుపు చేయగలదే కాని అభిరుచిని మార్చలేదు. ఏది అందమో నిర్ణయించుకోవలసినవారు ఆ బల్ల చుట్టూ కూర్చున్నవారే.

ఇందులో అందాన్ని మించిన విషయం కూడా ఒకటి ఉంది. బీళ్లన్నీ ఇళ్లస్థలాలుగా మారిన చోట తంగేడు పూయదు. చెరువు పూడిపోయిన ఊరిలో తామర ఉండదు. ఊరి తంగేడును వెతికి తెచ్చుకునే ఇల్లు, అది దొరకని ఏడాది ‘ఎందుకు దొరకలేదు?’ అని అడుగుతుంది. ప్లాస్టిక్ గుత్తితో తృప్తిపడిన ఇంటికి ఆ ప్రశ్నే పుట్టదు. చుట్టూ ఉన్న నేల ఎండిపోతున్నా వారి బల్ల మీద పూలు పూస్తూనే ఉంటాయి. లోకంతో సంబంధం తెగిన సంగతి వారికి తెలియనైనా తెలియదు. కనుక పండుగకు పువ్వును వెతకడం నేలను పలకరించడం వంటిది. వెతికినచోట పొదనంతా దూసివేయకుండా తేనెటీగకు, విత్తనానికి సగం విడిచిపెట్టడం ఆ పలకరింపులోని మర్యాద.

‘అప్పు చేసి పప్పుకూడు’ అన్న సామెత తెలుగువారికి కొత్తది కాదు. పప్పుకూడు మాట అటుంచి, నేడు పూలగోడలకూ కాగితపు కమానులకూ అప్పు చేసే కుటుంబాలు కనిపిస్తున్నాయి. పిల్ల వేడుక ఒక్కపూటలో ముగుస్తుంది. వడ్డీ ఏళ్ల తరబడి సాగుతుంది. ఆ అలంకరణను చూసి వెళ్లినవారికి అది వారం తిరిగేసరికి గుర్తుండదు. అలా ఎందుకు జరుగుతుంది? నిన్న మరొక ఇంట చూసినది కూడా అదే కనుక. ఒకే అచ్చులో పోసిన వేడుకలలో ఏ ఇంటి ముఖమూ కనిపించదు. చిక్కుడుకాయల రథం అలా కాదు. ఏ ఇంటి రథం ఆ ఇంటిదే. ఒకరి చక్రం వంకరగా ఉంటుంది, ఒకరి కేతనం పొడవుగా ఉంటుంది. ఆ వంకరలోనే కట్టిన చేయి కనిపిస్తుంది.

కళాశాలలో చదువుతున్న యువతీయువకులు ఈ విషయాన్ని తమకు సంబంధించినది కాదని అనుకోరాదు. రేపు ఇళ్లు నిలిపేవారు, అతిథులను పిలిచేవారు వారే. వసతిగృహంలోని మేజా మీద నీటిసీసాలో నిలిపిన ఒక వేపరెమ్మతోనే ఈ సాధన మొదలుపెట్టవచ్చు. తమ ఊరిలో ఈ నెల ఏ పువ్వు పూస్తుందో, ఏ కాయ కాస్తుందో, ఏ ఆకు రాలుతుందో చెప్పగలగడం కూడా విద్యలో భాగమే. ఆ జ్ఞానం గల చేతికి అలంకరణకు డబ్బు లేదన్న బెంగ కలగదు.

అతిథి ఇంటికి వచ్చేది బల్ల మీది వస్తువుల ధర తెలుసుకోవడానికి కాదు. తన రాక కోసం ఆ ఇంట ఎవరో కొంతసేపు ఆలోచించారని, తన కోసం ఎవరి చేతులో కొంచెం తడిశాయని తెలిస్తే అతని మనసు నిండుతుంది. ముంతలో నిలిచిన రెమ్మ, పళ్లెంలో తేలే పువ్వు ఆ సంగతి చెబుతాయి. వెల లేనిదంతా విలువ లేనిది కాదని ఎరిగిన ఇంట పన్నెండు నెలలూ ఏదో ఒక ఋతువు వచ్చి నట్టింట కూర్చుంటుంది. అటువంటి ఇంట విస్తరిలో పచ్చడి మెతుకులే ఉన్నా అది విందే అవుతుంది.